నేను చెప్పిన గోత్రం

ఒక మనిషికి నేను తప్పుడు తాతను ఇచ్చాను. తప్పుడు గోత్రం ఇచ్చాను. చివరికి తప్పుడు మట్టి కూడా ఇచ్చి పంపాను. పొరపాటున కాదు. తెలిసి, ఆలోచించి, నవ్వు ముఖం పెట్టుకుని.

ఇన్నేళ్ళుగా ఇది నాలోనే ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకున్న రోజున, స్వామికి ఎదురుగా కూర్చుని కూడా, ఈ సంగతి మనసులోకి రాగానే పక్కకు తోసేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పశ్చాత్తాపంతో చెబుతున్నానా? అది మాత్రం అడగకండి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎంత నిజమో, ఈ బరువూ అంతే నిజం.

మా ఊరు మొగల్తూరుకు దగ్గర్లోనే. మా నాయనమ్మ పేరు మాణిక్యం. మా నాన్న ఇంకా ఆవిడ కడుపులో ఉండగానే మా తాత వీర్రాజు కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో మా వైపు నుంచి చాలామంది వెళ్ళేవారు. పిల్లాడు నడిచే వేళకు వచ్చేస్తానన్నాడట. రాలేదు. యుద్ధం వచ్చింది. అక్కడ బాంబులు పడ్డాయి. అడవులు దాటి నడిచి వచ్చినవాళ్ళు వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. కొన్నేళ్ళకు తిరిగొచ్చిన ఒకాయన మా ఇంటికొచ్చి చెప్పాడు. వీర్రాజు బతికే ఉన్నాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, కొడుకు కూడా పుట్టాడు అని. నాయనమ్మ విన్నది. లోపలికి వెళ్ళి పొయ్యి మీద మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసి వచ్చిందట. ఆ తర్వాత మళ్ళీ ఏ కబురూ లేదు.

ఉన్నాడో పోయాడో తెలియని మనిషికి భార్య. పేరంటానికి వెళితే ఆవిడకు బొట్టు పెట్టాలా వద్దా అని ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఆ చూపులు భరించలేక ఆవిడ వెళ్ళడమే మానేసింది. మా నాన్న పెళ్ళిలో తల్లిదండ్రుల స్థానంలో పీటల మీద ఎవరో దూరపు చుట్టాలు కూర్చున్నారు. కన్నతల్లి వంటింటి తలుపు వెనక నిలబడి కొడుకు పెళ్ళి చూసింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచింది ఆవిడే. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, వేలితో గుండ్రంగా కుంకుమ దిద్దుకునేది.

ఎవరి కోసం నాయనమ్మా అని ఒకసారి అడిగాను.

"నా కోసమేనే" అంది.

ఆవిడ పోయిన రోజు నేను చూసింది నా కళ్ళ ముందు నుంచి పోదు. వీధరుగు మీద పడుకోబెట్టారు. నుదుట బొట్టు అలాగే ఉంది. మా తాత అక్కగారు, అప్పటికి పండు ముసలి, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "వాడు ఎప్పుడో పోయుంటాడే. దీన్ని ముత్తయిదువలా పంపితే ఊరంతా నవ్విపోతారు" అంటూ తడిగుడ్డ తీసుకుని ఆ బొట్టు తుడిచేసింది. చేతుల గాజులు చితక్కొట్టించింది. మా నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఎందుకు ఆపలేదు? చదువుకున్నదాన్ని, బడిలో పాఠాలు చెప్పేదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, ఒక్క చెయ్యి అడ్డం పెట్టలేకపోయాను. ముసలావిడ మీద కోపం రాలేదు. నా కోపమంతా సముద్రం అవతల ఉన్న మనిషి మీదికి పోయింది. పోయి అక్కడే ఉండిపోయింది.

తర్వాత నాకొక పిచ్చి పట్టుకుంది. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఎవరి తాత ఎవరు, ఏ కోడలు ఏ ఊరి నుంచి వచ్చింది అని అడిగి తెలుసుకునేదాన్ని. బడిలో పిల్లల చేత వాళ్ళ వంశవృక్షాలు గీయించేదాన్ని. కొన్నాళ్ళకు "వంశాల సంగతి టీచరు గారిని అడగండి" అనే పేరు వచ్చింది. మా సొంత వంశంలో ఉన్న గొయ్యి పూడ్చలేక ఊరి వాళ్ళవన్నీ తవ్వుకుంటూ తిరిగానేమో.

అందుకే అప్పారావు గారిని ఎవరో నేరుగా మా ఇంటికి పంపారు.

అప్పటికి మా నాన్న పోయి కొంతకాలమైంది. తాతల నాటి ఆ ఇంట్లో నేనూ మా ఆయనా పిల్లలతో ఉంటున్నాం. ఒక ఉదయం గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. తలెత్తి చూసి భయపడ్డాను. అచ్చం మా నాన్న. అవే వెడల్పాటి చెవులు, కాస్త ఎడమకు ఒరిగి నిలబడే అదే తీరు. "పొగబండి దిగి మోటారెక్కి వచ్చానండి" అన్నాడు. ఈ కాలంలో ఆ మాటలు ఎవరంటారు? రంగూన్‌లో పుట్టి పెరిగిన మనిషి, తండ్రి దగ్గర నేర్చుకున్న పాత తెలుగు అది. మా నాయనమ్మ మాటలు ఆయన నోట్లో ఉన్నాయి.

కాఫీ ఇచ్చాను. చెప్పుకొచ్చాడు. "మా నాన్న పేరు వీర్రాజండి. ఈ ఊరి పేరు తప్ప ఏమీ చెప్పేవోరు కాదు. ఇంటిపేరు తెలీదు, గోత్రం తెలీదు. అక్కడెవరున్నారు నాన్నా అంటే, నాకెవరూ లేరురా అనేవోరు." తండ్రి పుట్టిన నేల చూడాలట. గోదావరిలో ఆయనకు పిండం పెట్టాలట. తన తండ్రి పుట్టిన ఇంట్లోనే కూర్చుని, ఆ ఇల్లు ఎక్కడుందో చూపించమని నన్ను అడుగుతున్నాడు.

"ఆయన చేతి మీద మాణిక్యం అని పచ్చబొట్టు ఉండేదండి" అన్నాడు. "ఎవరు నాన్నా అంటే ద్రాక్షారామం అమ్మవారురా అనేవోరు. వచ్చేదారిలో ఆ అమ్మవారికి చీర పెట్టి వచ్చాను."

భార్యను అమ్మవారిని చేసి దాచేశాడన్నమాట. ఆయన ఎప్పుడు పోయారని అడిగాను. చెప్పాడు. నాయనమ్మ పోయిన మూడేళ్ళకు.

అంటే ఆ రోజు తాత బతికే ఉన్నాడు. అరుగు మీద ఆవిడ నుదురు తుడుస్తున్నప్పుడు, ఆ మనిషి రంగూన్‌లో ఏ కుర్చీలోనో కూర్చుని మనవల్ని ఆడిస్తూ ఉన్నాడు. ఆవిడ పెట్టుకున్న బొట్టు తప్పు కాదు. తుడిచింది తప్పు.

నాకెవరూ లేరు అన్నాడు కదా. సరే. లేకుండానే చేస్తాను అనుకున్నాను.

ముఖం మామూలుగా పెట్టుకుని, వీర్రాజు గారి కుటుంబం నాకు తెలుసని చెప్పాను. అందరూ పోయారండి, ఇల్లు కూడా పడిపోయింది, స్థలం చూపిస్తాను రండి అన్నాను. ఊళ్ళో ముసలివాళ్ళు ఆయన ముఖం చూస్తే పోల్చేస్తారు. అందుకని గబగబా ఆటో పిలిపించి ఊరి బయట మురుగు కాలవ దగ్గరికి తీసుకెళ్ళాను. చచ్చిన పశువుల్ని ఒకప్పుడు ఈడ్చుకెళ్ళి పారేసిన దిబ్బ అది. ఇప్పుడు తుమ్మ చెట్లు మొలిచాయి. ఇక్కడేనండీ ఇల్లు అన్నాను. ఆయన చెప్పులు విప్పాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ మట్టిని కళ్ళకద్దుకున్నాడు. రుమాల్లో కట్టుకున్నాడు. ఏడ్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను. జాలి కలిగిందా? లేదు. కలిగిందని అబద్ధం రాయలేను. నాయనమ్మకు చెప్పాలనిపించింది, చూడు, నీ సవతి కొడుకు ఎక్కడ మొక్కుతున్నాడో చూడు అని.

అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. మర్నాడు ఆయనతో రాజమండ్రి వెళ్ళాను. సాయం వస్తానన్నాను. నిజానికి చూడడానికి వెళ్ళాను.

రేవులో పంతులు గారు గోత్రం అడిగారు. అప్పారావు గారు తెలియదన్నాడు.

"తెలియకపోతే కాశ్యప గోత్రం అని చెప్పుకోవచ్చు. దోషం లేదు" అన్నారు పంతులు గారు.

ఆయన తెలియనితనానికి కూడా శాస్త్రంలో చోటుంది. ఆ చోటు కూడా దక్కనివ్వకూడదు అనిపించింది. "నాకు తెలుసండి" అని ముందుకు వచ్చాను. "జనకుల గోత్రం. వీర్రాజు గారి తండ్రి పేరు సుబ్బరాయుడు." ఆ గోత్రం మా పక్కింటివాళ్ళది. ఆ పేరు పొద్దున బస్సులోంచి చూసిన ఎరువుల కొట్టు బోర్డు మీదిది.

గోత్రం తప్పితే పిండం అందదంటారు. నేను నమ్ముతానా? మామూలుగా నమ్మను. ఆ రోజు నమ్మాను. మెట్ల మీద నిలబడి, ఆయన నువ్వులూ నీళ్ళూ వదులుతుంటే, ఆకలితో ఉండు తాతా, దాహంతో ఉండు అని పళ్ళు బిగించి అనుకున్నాను. ఒళ్ళంతా చల్లబడింది. అంత హాయి నాకు జీవితంలో ఎప్పుడూ లేదు.

అన్నీ అయ్యాక, తడి పంచెతోనే ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీరు మాకేమవుతారండి?"

"ఏమీ కాము" అన్నాను.

"ఏమీ కానోళ్ళు ఇంత చేస్తారా?"

"ఊరి వాళ్ళం కదండీ."

ఆయన రెండు చేతులూ జోడించాడు. "నాన్న ఎవరూ లేరన్నారు కానీ, ఉన్నారండి. మీరున్నారు" అన్నాడు.

నేను గోదావరి వైపు తిరిగిపోయాను.

ఇక్కడితో అయిపోతే ఇది పగ తీర్చుకున్న కథ. నేను దాన్ని మీకు గొప్పగానే చెప్పి ఉండేదాన్ని. కొన్నేళ్ళ తర్వాత రంగూన్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. నా నంబరు వాళ్ళ నాన్న దగ్గర తీసుకుందట. ఆవిడ అన్న కూతురికి ఒక అబ్బాయి ఇష్టం. తెలుగు పిల్లాడే, మంచి కుటుంబం. అంతా కుదిరాక వాళ్ళదీ జనకుల గోత్రమని తెలిసింది. అన్నాచెల్లెళ్ళ వరస అవుతుందని అప్పారావు గారు అడ్డం తిరిగాడు.

"ఇదివరకైతే నాన్న ఇవేవీ పట్టించుకునేవోరు కాదండి. ఆ గోత్రం దొరికాకే ఇలా అయ్యారు. పిల్ల అన్నం తినటం లేదు. టీచరు గారూ, ఆ గోత్రం ఖాయమేనాండి? ఏమైనా పొరపాటు పడ్డారేమో ఒక్కసారి చూసి చెప్తారా?"

అబద్ధం చెప్పినదాన్ని అని ఒప్పుకోనక్కరలేదు. పొరపాటు పడ్డానమ్మా అంటే చాలు. ఆవిడే ఆ మాట నా నోటికి అందించింది. ఎందుకు అనలేదు? మళ్ళీ మళ్ళీ అడుగుతుంటాను నన్ను నేను. మొదటిసారి అబద్ధం ఆడించింది పగ. దానికి కనీసం ఒక కారణం ఉంది, నాయనమ్మ ఉంది. రెండోసారి ఏముంది? టీచరు గారు పొరపాటు పడ్డారు అని ఎవరో పరాయి దేశంలో అనుకుంటారని జంకా? పొరపాటు అంటే, మరి అసలు గోత్రం ఏంటి, మీకెలా తెలుసు, మీరెవరు అని ప్రశ్నలు వస్తాయని భయమా? లేక ఆ ఇంట్లో ఏడుస్తున్నది కూడా తాత రక్తమేనన్న సంతోషం కాస్త నాలో మిగిలి ఉందా?

"ఖాయమేనమ్మా" అన్నాను.

ఆ పెళ్ళి జరగలేదు. ఆ అబ్బాయికి వేరే చోట అయిపోయింది. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడడం మానేసి ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళిపోయిందట. పెళ్ళి మాటెత్తితే ఫోన్ పెట్టేస్తుందట. ఇవన్నీ మొన్న ఆ కూతురు అప్పారావు గారు పోయారని చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు తెలిశాయి. ఆయన చితి మీద నేనిచ్చిన మట్టి చల్లారట. కర్మలన్నీ జనకుల గోత్రం చెప్పే చేశారట. "మీ పుణ్యమేనండి" అంది.

తాతకు తగలాలని విసిరాను. ఆయన అప్పటికే పోయాడు. తగిలింది ఎప్పుడూ చూడని ఒక ఆడపిల్లకు. మా నాయనమ్మను తలుపు వెనక నిలబెట్టినవాళ్ళకూ నాకూ తేడా ఏంటి? ఉంది అని చాలా రోజులు వాదించుకున్నాను. ఇప్పుడు వాదించే ఓపిక లేదు.

అలాగని తాత మీద కోపం పోయిందనుకోకండి. పోలేదు. ఆయన్ని క్షమించమని ఎవరైనా అంటే ఈ రోజుకీ లేచి వెళ్ళిపోతాను. నన్ను క్షమించమని కూడా మిమ్మల్ని అడగడం లేదు. రంగూన్‌కు ఫోన్ చేస్తానా? నంబరు ఉంది. చేస్తానని మాటివ్వలేను. ఇంతవరకు నేను దాచింది మాత్రం ఇక్కడ పెట్టేస్తున్నాను, ఒక్కచోటైనా నిజం ఉండాలని.

మాది జనకుల గోత్రం కాదు. పైడిపాల. వీర్రాజు తండ్రి వెంకటస్వామి. వీర్రాజు మొదటి భార్య మాణిక్యం, ముత్తయిదువగా పోయింది. వాళ్ళ కొడుకు మా నాన్న. అప్పారావు గారు మా నాన్నకు తమ్ముడు, నాకు బాబాయి.