కుల్సుమ్ పడుకున్న వైపు పట్టె

పుంగనూరులో మంచాల మస్తాన్‌ను ఎరగనివాళ్లు తక్కువ. అతని చేతి మంచం మీద కాపురం మొదలుపెట్టిన జంటలు చౌడేపల్లె దాకా ఉన్నాయి. అంతమందికి పడక అమర్చిన ఆ మనిషి మాత్రం ఇప్పుడు చాప మీద పడుకుంటున్నాడు. ఇంట్లో మంచం లేక కాదు, ఉన్న మంచానికి ఒకవైపు పట్టె లేక. ఆ పట్టె తుపాకికి పోయింది.

నవ్వకండి. అదేమీ దొంగ తుపాకి కాదు. వేరుశనగ చేను మీద అడవిపందులు పడుతుంటే మస్తాన్ నాయన లైసెన్సు తీసుకుని కొన్న ఒంటిగొట్టం తుపాకి. నాయన పోయాడు, చేనూ పోయింది, లైసెన్సు మస్తాన్ పేరుకు మారింది. తుపాకి వెనక కర్ర, అదే భుజానికి ఆనించే మడమ, చెదలు తిని పొడి అయింది. "ఈ ఇనుప కమ్మి మనకెందుకు జీ, స్టేషన్లో ఇచ్చేసి రాండి" అని భార్య కుల్సుమ్ సాధించేది. ఆమె మాట ఎప్పుడు విన్నాడు గనక!

ఆ కుల్సుమ్ జ్వరమని ఆసుపత్రికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. నలభయ్యోనాటి ఫాతిహా ప్రార్థనలు అయి చుట్టాలందరూ వెళ్లిపోయాక మస్తాన్‌కు ఆ మంచం మీద సగం ఖాళీ కనబడటం మొదలైంది. పడుకోలేకపోయాడు. పాపం, ఆమెకు బతికినన్నాళ్లూ నడుము నొప్పి. పొద్దున లేచేటప్పుడు పట్టెను గట్టిగా పట్టుకుని లేచేది. చెయ్యి పడీ పడీ అక్కడ కట్టె నున్నగా మెరిసేది.

మస్తాన్ ఆ పట్టెనే ఊడదీశాడు. లైసెన్సులిచ్చే ఆఫీసులో అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకున్నాక, దానితో తుపాకికి కొత్త మడమ చెక్కుకున్నాడు. ఆమె చెయ్యి పడిన చోట చిత్రిక తగలనివ్వలేదు. తన పిడికిలి సరిగ్గా అక్కడికే వచ్చేలా అమర్చుకున్నాడు.

ఇంట్లో ఒక్క తూటా లేదు. సాయంత్రం పని కట్టేసి వెనక గుమ్మంలో కూర్చుని, మడమ భుజానికి ఆనించి, చెంప కట్టెకు చేర్చి, కళ్లు మూసుకునేవాడు. పక్కింటి ప్రతాప్ ఊరుకుంటాడా?

"కండ్లు మూసుకోని గురి పెట్టేటోణ్ణి నిన్నే సూసినాను మస్తానప్పా! యా పిట్టకు తగల్తాది?"

"పిట్ట కోసం కాదులేప్పా" అనేవాడు మస్తాన్.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి. ఎప్పుడూ చేసే పనే, కానీ ఈసారి మస్తాన్‌కు చెయ్యి రాలేదు. మర ఊడదీసి, మడమను చాప మీద పెట్టి, ఇనుమును మాత్రం గోనెలో చుట్టుకుపోయాడు.

"ఏందప్పా, సగమే తెచ్చినావు?" అంది హెడ్ కానిస్టేబుల్ సుప్రజ.

"భయపడాల్సింది ఇనుముకే కదమ్మా. కట్టె ఎవుర్ని ఏం జేస్తాది?"

స్టేషనంతా గొల్లుమంది. సుప్రజ నవ్వలేదు. "అట్ట కుదరదప్పా. మొత్తం ఉండాల. లేకుంటే నీ మీద కేసయితాది. పోయి తీసకరా."

కేసంటే మస్తాన్‌కు చచ్చేంత భయం. ఇంటికి పోయి, మడమను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా. తర్వాత మర బిగించి తెచ్చి ఇచ్చాడు.

సుప్రజ దాన్ని తీసుకుని, మూలన నిలబెట్టి ఉన్న తుపాకుల పక్కన పెట్టబోయింది.

"నిలబెట్టొద్దు బేటీ! పండబెట్టు. ఆమెకు నడుము నొప్పి."

"ఎవురికప్పా?"

నోరు జారిందని అప్పుడు తెలిసింది మస్తాన్‌కు. ఇక దాచేదేముంది? తలవంచుకుని పట్టె సంగతి చెప్పాడు. ఇందాక నవ్విన వాళ్లెవరూ ఇప్పుడు నవ్వలేదు. సుప్రజ బీరువా మీది సామాను కిందికి దించి, దుప్పటి మడిచి పరిచి, తుపాకిని దానిపైన పడుకోబెట్టింది.

"ఎలక్షన్లు అయిపోతానే వచ్చి తీసకపో అప్పా. ఈడ పదిలంగా ఉంటాది."

"ఉంటాదిలేమ్మా" అన్నాడు మస్తాన్, ఖాళీ గోనె మడుచుకుంటూ. "ఆడ ఇంట్లో నాకెవురుండారు, అంతవరకూ?"