వెనక బ్రేకు గీత

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్తాను. అంతకుముందు విదేశంలో ఒక కార్ రేసింగ్ టీమ్‌లో పనిచేశాను. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద రేసులు అవి. కారు భాగాలను పరీక్షించడం, కారులోని సెన్సర్లు పంపే లెక్కలను గీతలుగా మార్చి చూపించడం నా పని. నేను చేరిన కొద్ది నెలలకే ఆమె డ్రైవర్‌గా వచ్చింది. యూసుఫ్‌గూడ అమ్మాయి. మన దేశం నుంచి ఆ స్థాయికి చేరిన మొదటి మహిళ. టీమ్ మొత్తంలో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. మొదటి రోజే నన్ను అన్నా అని పిలిచింది.

మొదటి రేసులోనే, మలుపుల దగ్గర కారు వెనకభాగం జారుతోందని చెప్పింది. గీతలు చూశాను. ఆమె బ్రేకు సరిగ్గానే నొక్కుతోంది. వెనక చక్రాలకు అందాల్సిన ప్రెషర్ మధ్యలో పడిపోతోంది. తప్పు బ్రేకు పంపులో ఉంది. దాన్ని పరీక్షించి, బాగుందని సంతకం పెట్టింది నేనే. నిజానికి పరీక్ష సగంలో ఆపేశాను. ఎందుకు? ఆలస్యమవుతోందని. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

చెబితే ఉద్యోగం పోతుందనుకున్నాను. రెండో రేసులో ఆమె బాగా వెనకబడింది. తర్వాతి మీటింగ్‌కి వెనక బ్రేకు ప్రెషర్ చూపించే ఆ ఒక్క గీతనూ తీసేసి చార్టు పట్టుకెళ్లాను. లోపం కారులో ఉందా, డ్రైవర్‌లో ఉందా అని బాస్ అడిగాడు. నేను నోరు తెరవకముందే ఆమె నావైపు తిరిగి తెలుగులో అడిగింది.

“అన్నా, నువ్వు మంచిగ చూసినవా? ఎనక బ్రేకులల్ల ఏం లేదా?”

“చూశానమ్మా. కారులో ఏం లేదు.”

“నువ్వు చెప్తే అంతే ఇగ. నా కాలే సక్కగ పడ్తలేదు కావచ్చు.”

మూడో రేసుకు ఆ కారే ఎక్కింది. పంపు మార్చాలంటే కారణం రాయాలి. రాయలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర ముందు కూర్చున్నాను. ప్రతి మలుపులోనూ ఆ గీత పడిపోయింది. ట్రాక్ పక్క గోడను గుద్దితే ఆమె బతకదని తెలిసి, ఆపెయ్యమని చెప్పడానికి మైకు బటన్ చేతికందేంత దూరంలోనే ఉందని తెలిసి, ఈ మలుపు దాటనీ, ఈ ఒక్కటీ దాటనీ అనుకుంటూ రేసు అయ్యేదాకా కదలకుండా కూర్చున్న మనిషిని ఏమనాలి?

ఆమె ఆఖరున వచ్చింది, ప్రాణాలతో. మర్నాడే టీమ్ ఆమెను తీసేసింది. ఆ స్థాయిలో మళ్లీ ఎవరూ అవకాశమివ్వలేదు. కొత్త డ్రైవర్ కోసం కారంతా విప్పి పాత భాగాలన్నీ మార్చారు. కారు చాలా బాగుందన్నాడతను. లోపం ఆమెదేననడానికి అందరికీ అదే రుజువైంది. ఆ రుజువు తప్పని నాకొక్కడికే తెలుసు.

ఈమధ్య పంజాగుట్టలో కనిపించింది. అక్కడే డ్రైవింగ్ స్కూల్ నడుపుతోంది. గుర్తుపట్టి తనే పలకరించింది, చాయ్ తాగించింది. ఎవరిమీదా కోపం లేదంది. ఆ మూడు రేసుల తర్వాత తన కాలు మీద తనకే నమ్మకం పోయిందని, ఇప్పటికీ ఫ్లైఓవర్ దిగేటప్పుడు అవసరంకన్నా ముందే బ్రేకు వేసేస్తానని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వుకి నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పాల్సింది. క్షమించదని భయపడ్డానా? కాదేమో. ఆమె నోట ‘అన్నా’ అనే పిలుపు ఇక వినబడదని.

క్షమించమని అడగను. ఇది ఆమె కంటపడుతుందో లేదో. పడితే, పేర్లు లేకపోయినా తెలిసిపోతుంది. తెలియాలి. లోపం కారులోనే ఉంది. నేను చూశాను. ఆమె కాలు ఒక్కసారి కూడా తప్పు పడలేదు.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. రాసిందేదీ కొట్టెయ్యను.