నోరు చూసే నర్సమ్మ

లాలాగూడలో మా కింది వాటాలో రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఉండేది. ఎవరు జ్వరమన్నా ముందు "నోరు తెరువు" అనేది. మేం నవ్వుకునేవాళ్లం.

ఫిట్స్‌కు కొత్త మాత్రలు మొదలుపెట్టిన రెండు వారాలకు మా ఆవిడకు జ్వరం, కళ్ల మంట, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. ఎండ దెబ్బేమో అనుకున్నాం. నర్సమ్మ వచ్చి చూస్తే నోరంతా పుళ్లు. వీపు మీద లేచిన పొక్కు పక్కన వేలితో మెల్లగా రుద్దింది. చర్మం ఊడి వచ్చింది.

"గా గోలీలు బంద్ చెయ్ బిడ్డా. ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపో."

నెలకు మా ఆవిడ బతికి ఇంటికొచ్చింది. ఎలా కనిపెట్టారని నర్సమ్మను అడిగాను.

"మా చెల్లెకు సుత గోలీలు పడక గిట్లనే అయింది. అమ్మవారు పోసిందని యాపాకులల్ల పండవెట్టినం, నోరు తెరిచి సూడలే. మూడో దినం పోయింది," అంది. మళ్లీ తనే, "అప్పటికే నేను నర్సును," అంది.