కర్నూలు కాలేజీలో కప్పతల్లి పూజ

కర్నూలు కాలేజీలో ఆడపిల్లల్ని చేర్చుకుంటున్నారన్న కబురు మాకు మొదట తెచ్చినవాడు బద్వేలు బస్సు కండక్టరు ఓబులేసు. ఆయన చల్లగా ఉండాలి. ఆ కబురు పట్టుకుపోయి నేను చేసిన ఘనకార్యంలో ఆయన పాపం ఏమీ లేదు.

అప్పటికే కడపలో ఆడపిల్లలకు హాస్టలు లేదని పంపేశారు. "ఈడా కాదంటే ఇంటికే. సదువు మాట మళ్లీ ఎత్తగూడదు" అని నాయన బస్సులోనే తేల్చేశాడు. నేనేమో నాయన పక్కన చాప మీద చదివి, ప్రైవేటుగా మెట్రిక్ గట్టెక్కినదాన్ని. బడి గడప ఎరగను. ప్రిన్సిపాలుగారి గదిలో ముళ్ల మీద కూర్చున్నట్టు కదులుతుంటే ఆయనే, "కాలేజీ చూసి రామ్మా" అన్నారు.

మూడు గదులు చూశాను. నాలుగో గదిలో బల్ల మీద గాజుతొట్టి, దాని నిండా కప్పలు!

ఆ ఏడు చినుకు లేదు. మా ఊళ్లో వాన కోసం రోకటికి కట్టి ఇల్లిల్లూ తిప్పడానికి ఒక్క కప్ప దొరకడమే కష్టమైంది. ఇక్కడ ఇరవై! ఎంతైనా కాలేజీ కదా, భక్తి కూడా పెద్ద ఎత్తున చేస్తారనుకున్నాను. ఒక్కదానికీ బొట్టు లేదు. మగవాళ్లు చేసే పూజ అంతేలెమ్మని కొంగుముడి విప్పి, కుంకుమ తీసి, మూత ఎత్తాను.

మొదటిది పెళ్లికూతురిలా కూర్చుని పెట్టించుకుంది. రెండోది నా భుజమెక్కింది. మిగతావి వరండా పట్టాయి.

అటెండరు ఖాదర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం జేస్తాండావు పాపా?"

"వానకు పూజ!"

"యా అల్లా! అవి పిల్లోళ్లు కోసి నేర్చుకునేదానికి తెచ్చినవి!"

ఇద్దరం వెంటపడ్డాం. బొట్టు పెట్టుకున్న కప్ప మాత్రం తిన్నగా ప్రిన్సిపాలుగారి గదిలోకి పోయి, నా దరఖాస్తు మీద కూర్చుంది. నాయన కప్పను చూశాడు, నన్ను చూశాడు. నా చదువు అయిపోయిందనుకున్నాను.

"మూత నేనే మరిసిపోతిని సార్" అన్నాడు ఖాదర్.

ప్రిన్సిపాలుగారు నా ఎర్రటి వేళ్లు చూశారు. "మరి బొట్టు?"

ఖాదర్ తల గోక్కున్నాడు. "అదీ... నేనే పెట్టినా సార్."

ఆయన కళ్లజోడు తీసి, కళ్లొత్తుకుని మరీ నవ్వారు. కప్పను పక్కకు జరిపి సంతకం పెట్టారు. "తెలుగో చరిత్రో తీసుకో తల్లీ. సైన్సు జోలికి మాత్రం పోవద్దు."

కాబట్టి అడగకుండా ఏ ప్రాణికీ బొట్టు పెట్టనని ఇలవేల్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మీకు నాదొక మనవి. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఖాదర్‌ను ఒక్కసారి తలుచుకోండి. ముక్కూ మొగమూ తెలియని పిల్ల చదువు కోసం, కప్పకు కుంకుమ పెట్టింది తానేనని ఒప్పుకున్న మహానుభావుడు.