గంజి పోయిన గుడ్డ

యుద్ధంతో నూలు కరువై సగం మగ్గాలు మూలపడిన రోజులవి. పెబ్బేరు పశువుల సంతలో కొనేదేమీ లేకపోయినా రోజంతా తిరిగి, పుట్టిలో కృష్ణ దాటి గద్వాల చేరాను. ఆ ఊరి కోట గురించి చాలా చదివాను. కోటలను పొగడడానికి మనుషులెప్పుడూ ఉంటారు, పోనీండి. నేను జోగమ్మ గురించి రాయాలి.

జోగమ్మ నేతగాడు నాగప్ప భార్య. వాళ్ల అరుగు మీదే నేను బస చేశాను. ఆమె అత్త లలితమ్మ పక్షవాతంతో మంచం పట్టింది. మూత్రం తెలియకుండానే పోయేది. నడుము కింద చర్మం ఎర్రబడి, పట్టుకుంటే చిట్లేంత పలచబడింది. అది పుండైతే ముసలామె ఇక దక్కదు. ఆ వీధిలో అట్లా పోయినవాళ్లను జోగమ్మ చూసింది.

నాగప్పకు తల్లంటే ప్రాణం. దాచుకున్న నూలుకు గంజి పట్టించి, మంచి గుడ్డ నేసి ఆమె కింద పరిచాడు. నేతగాళ్ల ఇంట్లో తల్లి పాతగుడ్డ మీద పడుకోవడం నామోషీ కదా! చూడడానికి గుడ్డ బాగానే ఉండేది. తడిస్తే మాత్రం గంజి జిగటెక్కి ఒంటికి అంటుకునేది, ఆరితే అట్టలా గీసుకునేది.

ఒక పొద్దున ఆ గుడ్డ లాగుతుంటే ముసలామె కెవ్వుమంది. జోగమ్మ లోపలికి వెళ్లి, కట్టికట్టి మెత్తబడిన తన నూలుచీర తెచ్చి నాలుగు ముక్కలు చేసింది.

"ఏందే, మా అమ్మను పీలికల మీద పండవెడ్తవా? వాడకట్టోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు నాగప్ప.

"వాడకట్టోళ్లు వచ్చి పక్క మారుస్తరా? నీ గుడ్డను జర చెంపకు రాసుకో."

రాసుకున్నాడు. మొహం ముడుచుకున్నాడు. అయినా తగ్గలేదు. "సరే, గట్టిగనన్న తుడువు. వాసన పోవాలె."

"తడిసిన పోగును నువ్వు రుద్దుతవా?"

"రుద్దితే తెగదా?"

"మరి తోలు గూడ గంతే. అద్దాలె."

మంచం మీది నుంచి లలితమ్మ వంకరపోయిన నోటితోనే అంది: "నన్ను మగ్గం మీది పడుగు జేసిండ్రా, ఇద్దరు గలిసి?"

నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు.

అప్పటి నుంచి తడి తగలగానే గుడ్డ మార్చేది జోగమ్మ. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, పూర్తిగా ఆరనిచ్చి, ఆముదం పలచగా పూసేది. తడికీ ఒంటికీ మధ్య అదే అడ్డు. సబ్బుకు బదులు సౌడుమట్టితో ఉతికిన గుడ్డలను, మట్టి మిగిలితే మంట పుడుతుందని, నీళ్లు తేటపడేదాకా జాడించేది. అత్తను ఒకే పక్కన ఎక్కువసేపు ఉండనిచ్చేది కాదు. ఒకచోట చర్మం బొబ్బలా ఉబ్బినప్పుడు జోగమ్మకు అన్నం సహించలేదు. ఆ చోట బరువు పడకుండా చూసుకుంది. బొబ్బ చిట్లకుండానే అణిగింది.

నేను అచ్చంపేట అడవుల దాకా వెళ్లి, కాళ్లు అరిగి తిరిగి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. లలితమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, బాగున్న చేత్తో రాట్నం తిప్పుతోంది. కండెకు నూలు అందిస్తున్నది కోడలు.

"పుండు పడలేదు గదా?" అన్నాను.

"పడనిస్తదా ఇది? పక్క మార్చి మార్చి నన్ను నిద్రనే పోనియ్యలే," అంది లలితమ్మ. తర్వాత కోడలి వైపు తిరిగింది. "నా కొడుకు నేసిన గుడ్డ ఏమాయెనే?"

జోగమ్మ పెరటివైపు చూపించింది. అక్కడ నాగప్ప చెమటలు కక్కుతూ, తాను నేసిన కొత్తగుడ్డను బండకేసి బాదుతున్నాడు.

"పాతగ చేస్తుండు అత్తా. గంజి పోయినంక పరుస్త."