దాసప్ప టెంకాయ

దాసప్పకు ఒకే ఒక్క పిచ్చి. అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ లేచి నిలబడితే తప్ప ఏ పనీ మొదలుపెట్టడు. బెళుగుప్ప చుట్టుపక్కల నేలలో నీళ్లున్న చోటు చూసి బోర్లకు పాయింట్లు పెట్టే మనిషి కాబట్టి నీళ్లకోసం టెంకాయ పట్టాడంటే సరే. మంచం ఎక్కడ వేయాలన్నా టెంకాయే, బస్సులో ఏ సీట్లో కూర్చోవాలన్నా టెంకాయే! పదకొండేళ్లుగా ఆయనతో వేగుతున్న కోడలు త్రివేణికి టెంకాయ చట్నీ చూసినా ఒళ్లు మండుతుంది.

అలాంటి మనిషికి మెడలో కణితి. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు, అయినా మళ్లీ వచ్చింది. ఇంక కోయడానికి లేదన్నారు. బెంగుళూరు పెద్దాసుపత్రిలో డాక్టర్ ఐశ్వర్య మాత్రం ఇంకో దారి చెప్పింది. కణితిలోకి సన్నని తీగ దించి, స్కానులో చూసుకుంటూ లేజరు వేడితో కాల్చేస్తారట. త్రివేణి ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. మామ సంచిలోంచి టెంకాయ తీశాడు.

డాక్టరమ్మ స్కాను బొమ్మ మీద గుర్తు పెట్టిన చోట దాన్ని పట్టి, తల అడ్డంగా ఊపాడు.

"లేయల్యా. పాయింటు కుదరల్యా."

"మామా, అది బోరు కాదు, నీ గొంతు!"

"యాడైనా దించేది దించేదే గదమ్మా!"

సోమవారం లేవలేదు, మంగళవారం లేవలేదు. రేపు పొద్దున ఒప్పుకోకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుందని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. త్రివేణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "దాన్ని నీ నెత్తినే పగలగొడతా!" అంది. పక్క మంచం మీద విడపనకల్లు ఓబిలేష్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అతనిదీ అదే జబ్బు, అదే వైద్యం. అతని చేనులో బోరు దాసప్ప పెట్టిన పాయింటే.

బుధవారం పొద్దున టెంకాయ నిటారుగా లేచింది.

"డాక్టరమ్మ పెట్టిందే పాయింటు! నూలుపోగంత గూడా తప్పల్యా!" అని వార్డంతా వినబడేట్టు అరిచాడు దాసప్ప.

ఓబిలేష్ మంచం దిగేశాడు. "అమ్మా, నా సంతకం యాడ పెట్టల్ల?"

ఇద్దరికీ ఆ వారమే లేజరు పెట్టారు. కణితి బాగా కాలిందని, మూడు నెలలకు మళ్లీ స్కానుకు రమ్మని చెప్పారు. ఊరికి బయలుదేరుతూ త్రివేణి అడిగింది.

"మామా, నిజంగా లేసిందా అది?"

"లేజరు సంగతి టెంకాయకేం తెలుసమ్మా? బోరుకైతే అదే లేస్తాది. ఈడ నేనే వేలితో లేపినా."

"మరి రెండు రోజులు నన్నెందుకు సంపినావు?"

"ఓబిలేషు భయపడి ఊరికి పోతానన్నాడు. డాక్టరు మాట వినడు, నా టెంకాయ మాట వింటాడు. పట్టంగానే లేస్తే ఎవడు నమ్ముతాడు? కొంచెం ఎతకల్ల."

"నాకన్నా చెప్పకూడదా?"

"నీకు చెప్తే నీ మొకమే చెప్పేస్తాది."

తిట్టడానికి నోరు తెరిచింది. అప్పుడే ఆడవాళ్ల వార్డు గడపలో, అదే లేజరుకు వచ్చిన మడకశిర వెంకటలక్ష్మమ్మ కూతురి చెయ్యి విదిలించుకుంటోంది. "నేను రాను, నన్ను కాలుస్తారంట!"

దాసప్ప ఆగిపోయాడు. కోడలి వైపు చూడలేక గోడ వైపు చూశాడు.

త్రివేణి పళ్లు కొరుక్కుంటూ సంచిలో చెయ్యి పెట్టి టెంకాయ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కానీ మామా. పదకొండుకు బస్సుండాది, తొందరగా లేపు."