బొంత అవగానే వెళ్తాను

స్కేలక్క చేతిలో స్కేలు చూసి లెక్కల టీచరనుకున్నవాళ్లు ఆ వీధిలో కనీసం నలుగురున్నారు. ఒకాయనైతే కూతుర్ని ట్యూషన్‌కని తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాడు కూడా. ఆవిడ మిషన్ ఆపి, "నాకొచ్చిన లెక్క ఒక్కటే, పావంగుళం. అది చాలనుకుంటే కూర్చోబెట్టండి" అంది. ఆయన చాలదనుకున్నాడు.

ఆ పావంగుళం సంగతి చెప్పకపోతే ఈవిడ సంగతి చెప్పినట్టే కాదు. స్కేలక్క మంచం బొంతలు కుడుతుంది. పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది, అడుగున అస్తరు, మూడూ కలిపి మిషన్ మీద కుట్టాలి. మామూలు కుట్టైతే మిషన్ కింద ఉండే పళ్లే గుడ్డని ముందుకు లాక్కుపోతాయి, మనిషి ఊరికే పట్టుకుంటే సరిపోతుంది. ఈవిడ ఆ పళ్లు దించేస్తుంది. ఇక గుడ్డ ఎటు పోవాలో చేతులే చెప్పాలి. స్కేలుని బొంత మీద అదిమిపట్టి, సూది చుట్టూ ఉండే గుండ్రటి పాదానికి ఆనించి, రెంటినీ కలిపి జరుపుతుంది. పాదం స్కేలు అంచుని రాసుకుంటూ పోతుంది. కుట్టు మాత్రం అంచుకి పావంగుళం ఇవతల పడుతుంది. తిన్నటి గీతకి తిన్నటి స్కేలు, పూరేకుకి వంపు అచ్చు. చూసేవాళ్లకి ఇంతేనా అనిపిస్తుంది. ఆ చూసేవాళ్లని ఒక్కసారి కుర్చీలో కూర్చోబెట్టాలి, అప్పుడు తెలుస్తుంది. చెయ్యి మార్చుకోవాలంటే ముందు మిషన్ ఆపాలి, సూది గుడ్డలో దిగి ఉండాలి. సూది పైనుండగా చెయ్యి తీశారా, అంతే సంగతులు, గీత ఎగిరి పక్క పూవులో పడుతుంది.

అచ్చులన్నీ మొగుడు కోసిచ్చినవే. ఆయన షాపులకి బోర్డులు తయారు చేస్తాడు. తప్పు పడ్డ ప్లాస్టిక్ పలకలు పారెయ్యడానికి మనసొప్పక పెళ్లానికి స్కేళ్లు చేసిస్తాడు. అందుకే ఆవిడ పెద్ద స్కేలు మీద ఎర్రటి అక్షరాల్లో "లోపలికి రాకూ" అని ఉంటుంది. మిగతా రెండక్షరాలు ఎటు పోయాయో ఆయనకే తెలియాలి. మొదట్లో ఓసారి పూవు ఎంతుందో అచ్చు కూడా అంతే కోశాడు. కుట్టు పావంగుళం బయట పడి, పూలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. "పావంగుళం తగ్గించి కొయ్యాలని తెలీదా?" అని పెళ్లాం ఒంటికాలి మీద లేస్తే, "ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఆయన మాట్లాడేది అంతే. బోర్డు మీద అక్షరానికింత అని రాసీ రాసీ అలవాటైపోయింది.

ఇక అత్తగారు. ఈ పనిలో మిషన్‌కి చేతకానిది ఒకటుంది. ప్రతి గీతకీ మొదట్లోనూ చివర్లోనూ దారం కొసలు మిగులుతాయి. వాటిని ముడేసి, చేతిసూదితో పొరల మధ్యకి దూర్చి, కంటికి కనపడకుండా దాచాలి. ఒక్కో బొంతకి ఆరేడొందల కొసలుంటాయి. ఇరవై రెండేళ్లుగా అది అత్తగారి పని. ఇంకో పని కూడా ఉంది. మంచం బొంత బరువు. బల్ల మీంచి కిందకి వేలాడితే ఆ బరువుకి గీత వంకరపోతుంది. అందుకని ఆవిడ పక్కన కుర్చీ వేసుక్కూర్చుని వేలాడే మూలని ఒళ్లో పెట్టుకుని పట్టుకుంటుంది. మూల జారి బల్ల కిందకి మడతపడిందో, పైన కుట్టే కుట్టు ఆ మడతని కూడా కలిపి కుట్టేస్తుంది. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఒళ్లోంచి మూల జారింది లేదు.

అలాగని మెచ్చుకుంటూ చేసిందేమీ లేదు. మిషన్ బొంతంటే ఆవిడకి చిన్నచూపు. "చేత్తో కుట్టిన బొంత మనిషిని కప్పుతుంది, ఇది మనిషి మీద తలుపు పడేసినట్టుంటుంది" అనేది, కొసలు దాస్తూనే. కోడలు విననట్టు కుట్టుకుపోయేది. ఇద్దరికీ పొద్దు బాగానే గడిచేది.

నాలుగేళ్ల కిందట అత్తగారి చూపు మందగించింది. పనేం ఆగలేదు, కళ్లు చేసేది వేళ్లు చెయ్యడం మొదలెట్టాయి. పొద్దున్నే కోడలు పాతిక సూదులకి దారాలెక్కించి దిండుకి గుచ్చి పెడుతుంది. అత్తగారు తడిమి ఒక్కోటీ తీసుకుంటుంది. ఇంతకాలం ఇలాగే నడిచింది. గొడవంతా కత్తెరతో వచ్చింది.

పళ్ల డాక్టరుగారింటి బొంత అది. రేపిచ్చెయ్యాలి. అత్తగారు కొసలు దాచి, మిగిలిన దారాలు కత్తిరిస్తోంది. దారంతోపాటు గుడ్డ కూడా తెగింది. చిటికెన వేలి గోరంత. కోడలికి నడుం నొప్పి, ఆ పొద్దున్నుంచీ రెండు సూదులు విరిగాయి, సరిగ్గా అప్పుడే ఆ చిరుగు కంటబడింది.

"మీకు కనిపించదు కదా అత్తయ్యా! ఊరికే ఓ మూల కూర్చోలేరా?"

నోరు జారింది. అత్తగారు కత్తెర బల్ల మీద పెట్టింది. అరవలేదు, మూతి ముడవలేదు. "నిజమే" అంది. ఇన్నేళ్లలో అత్తగారు ఆవిడ మాటకి ఔనన్నది అదే మొదటిసారి.

చిరుగు మీద చిన్న పువ్వతుకు వేస్తే పళ్ల డాక్టరుగారి భార్య దాన్ని చూసి ప్రత్యేకంగా వేశారనుకుని మురిసిపోయింది. ఇంట్లో చిరుగుకి మాత్రం అతుకు దొరకలేదు. మర్నాడు అత్తగారు కూతురికి ఫోన్ చేయించుకుని, అందరూ వినేలా చెప్పింది. "నేనొచ్చి నీ దగ్గరుంటానే. ఇక్కడ నా మంచానికో బొంత కుట్టిస్తున్నారు. బొంత అవగానే వెళ్తాను, అంటే వస్తాను."

ఆ తర్వాత కోడలి వైపు తిరిగి, "నా పాత చీరలతో కుట్టు. కొత్త గుడ్డలేం వద్దు" అంది.

తప్పయిపోయింది, వెళ్లకండి అని ఒక్కమాట అంటే తీరిపోయేది. అనడానికి కోడలికి నోరు పెగల్లేదు. ముందురోజు అదే నోరు ఎంత బాగా పెగిలిందో! మనుషుల నోళ్లే అంత, కావాల్సినప్పుడు పన్జెయ్యవు. అత్తగారు లేని ఇల్లు తలుచుకుంటే కోడలికి ఏడుపొచ్చేది. ఏడిస్తే స్కేలు తడిసి జారుతుంది కాబట్టి ఏడవలేదు.

మంచం బొంత ఎనిమిది రోజుల పని. స్కేలక్క దాని మీద గడులు గీసింది, గీతకి గీతకి మధ్య అరంగుళం. చూసినవాళ్లు బుర్ర గోక్కున్నారు, ఎందుకంటే అరంగుళం గడులు ఎవరూ మంచం బొంతకి వెయ్యరు, చేతిసంచికి కూడా వెయ్యరు. ఎనిమిదో రోజుకి ఒక పక్క కూడా కాలేదు. గడుల్లో మళ్లీ పూరేకుల్లా వంపు గీతలు పెట్టింది.

అత్తగారు మాత్రం తక్కువ తిందా? సాయంత్రమయ్యేసరికి ఆ రోజు కుట్టినదంతా వేళ్లతో తడిమేది. "ఇదిగో ఈ రేకు పక్కదాని కంటే బక్కగా ఉంది. విప్పు." కోడలు వంగి చూసేది. రేకుకేం, నిక్షేపంలా ఉండేది. "అవునత్తయ్యా, బక్కగానే ఉంది" అని విప్పేది. మర్నాడు ఆ రేకే మళ్లీ కుట్టేది. అత్తగారు తడిమి, "ఇప్పుడు బలిసింది" అనేది. అదీ విప్పేది.

మూడు వారాలు చూసి, స్కేలక్క మొగుడొక రోజు గుమ్మంలో ఆగాడు. "ఇది ముందుకెళ్తోందా, వెనక్కెళ్తోందా?"

"మీ పని మీరు చూసుకోండి" అన్నారిద్దరూ ఒక్కసారే. ఆయన తన పని చూసుకున్నాడు.

ఆడపడుచు పరాయిదేం కాదు, మంచిదే. ఆయనకి అక్క. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "బొంత ఎంతవరకొచ్చింది?" అని అడిగేది. తల్లికోసం గది ఖాళీ చేసింది, కొత్త మంచం కొంది. ఆరో వారం ఆవిడ సహనం కాస్తా అయిపోయింది. "బొంత అయినా కాకపోయినా ఈ ఆదివారం కారు తీసుకొస్తున్నా. అయినంతవరకే పట్టుకెళ్దాం" అంది. పట్టిన పట్టు విడిచి, వద్దులే అనడానికి అత్తగారికీ నోరు పెగల్లేదు. "సరే, రా" అంది. ఆ కోడలికి ఈ అత్తగారే సరైన జోడీ.

ఆదివారం నాటికి నడిమధ్య చక్రం ఒక్కటే మిగిలింది. ఎనిమిది రేకుల చక్రం, గట్టిగా పట్టుకుంటే అరగంట పని. ఆడపడుచు వచ్చింది, టీ తాగింది, తమ్ముణ్ని వెంటబెట్టుకుని లోపలి గదిలో తల్లి పెట్టె సర్దుతోంది. ముందుగదిలో మిషన్ దగ్గర కోడలు, పక్కన కుర్చీలో మూల ఒళ్లో పెట్టుకుని అత్తగారు. ఇక విప్పమనడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

కోడలు అచ్చు ఆనించి మొదటి రేకు కుట్టింది. సూది దింపి ఆపింది. అచ్చు తిప్పి రెండో రేకు మొదలెట్టింది. సగంలో మిషన్ గొంతు మారింది. అంతవరకూ టకటకమన్నది కాస్తా దబదబమంటోంది. మూడు పొరల మీద ఒక చప్పుడు, ఆరు పొరల మీద ఇంకో చప్పుడు. ఇరవై రెండేళ్ల చెవి అది, పొరబడదు. సూది దింపి ఆపింది. పక్కకి చూసింది.

అత్తగారి ఒళ్లో ఏమీ లేదు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద తీరుబడిగా ఉన్నాయి. బొంత మూల బల్ల కింద నుంచి మడతపడి, సరిగ్గా చక్రం అడుగున దూరి ఉంది. దానంతటది అంత చక్కగా మడతపడదు. ఎవరో చేత్తో సర్దితేనే అలా పడుతుంది. అత్తగారు కిటికీ వైపు చూస్తోంది. కిటికీలో ఆవిడకి కనపడేదేమీ లేదు.

కోడలు స్కేలు తడిస్తే తడవనీ అనుకుంది.

"ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తయ్యా. తప్పు నాదే. నాకు మీరు కావాలి. వెళ్లకండి."

అత్తగారు తల తిప్పలేదు. చెయ్యి మాత్రం చాపి, తడుముకుంటూ వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుని వదిలింది.

"మాటలకేం గానీ, రేకులింకా ఆరున్నాయి. త్వరగా కానీ, అది వచ్చేస్తుంది."

కోడలు కళ్లు తుడుచుకుని పెడల్ మీద కాలేసింది. ఆ పని నేర్చిన వాళ్లెవరూ చెయ్యని తప్పు చేస్తూ, ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఒక్క కుట్టు కూడా వంకర పోకుండా, ఆరు పొరల మీద మిగతా రేకులన్నీ పూర్తి చేసింది.

ఆడపడుచు పెట్టెతో బయటికొచ్చింది. వెనకాల ఆయన. "అయిందా?" అంది ఆడపడుచు. కోడలు బొంతని బల్ల మీంచి ఎత్తింది. ఒక మూల నడిమధ్యకి అతుక్కుని, బొంత బొంతలా కాక సంచిలా లేచింది.

"ఇదేంటి?"

"మడతపడి కుట్టుపడింది వదినా. నేనే చూసుకోలేదు."

"విప్పడానికి ఎంతసేపు పడుతుంది? అరగంటా?"

అత్తగారు బొంతని ఒళ్లోకి లాక్కుంది. ఎనిమిది రేకులూ ఒక్కోటిగా తడిమింది. డాక్టరు నాడి చూసినట్టు, ఏ తొందరా లేకుండా చూసింది.

"ఆర్నెల్లు" అంది.

ఇరవై రెండేళ్లలో స్కేలక్క పని లెక్క తప్పు చెప్పలేదు. పావంగుళం అంటే పావంగుళమే. అది గంట పని అని ఆవిడకి తెలుసు, కాస్త నిదానంగా చేస్తే గంటన్నర.

"ఆర్నెల్లంటే తొందరపెట్టినట్టే వదినా. దూది చెదరకూడదు కదా" అంది.

ఆడపడుచు తల్లి వంక చూసింది, మరదలి వంక చూసింది. ఆవిడేం అమాయకురాలు కాదు. పెట్టె కింద పెట్టింది. ముఖం కొంచెం చిన్నబోయింది, గది ఖాళీ చేసింది మరి. "నేనేం చెడ్డదాన్ని కాదమ్మా, అడిగితే మానేసేదాన్ని కదా" అంది. "అడగడం చేతకాలేదే" అంది తల్లి. ఆ తర్వాత కూతురు కూడా ఆ చక్రాన్ని తడిమి చూసి, "కుట్టు మాత్రం బాగుంది" అనేసి నవ్వింది. ఆయన పెట్టె వంక చూసి, "లోపలికా?" అనడిగాడు. అడుగుతూనే లోపలికి మోసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే దిండు మీద సూదులు సిద్ధంగా ఉన్నాయి. అత్తగారు తడుముకుంటూ పోయి, "ఒకటి తక్కువుంది" అంది. కోడలు లెక్కపెట్టింది. ఇరవై నాలుగే ఉన్నాయి.

ఇది జరిగి రెండేళ్లయింది. ఆదివారాలు ఆడపడుచు ఫోన్ చేసి, "విప్పడం ఎంతవరకొచ్చింది?" అని అడుగుతుంది. "ఒక రేకయింది" అంటుంది అత్తగారు. ఒక్క కుట్టూ విప్పలేదు. ఆ బొంతే ఆవిడ కప్పుకుంటుంది. మూల మడతపడి ఉంది కాబట్టి ఓ పక్క మోకాలి దాకానే వస్తుంది, ఎడమకాలు బయటే ఉండిపోతుంది. చలికాలంలో ఆ ఒక్క కాలికీ కోడలు మేజోడు తొడుగుతుంది. తొడుగుతుంటే అత్తగారు, "మిషన్ బొంతలింతే, మనిషికి ఆనవు" అంటుంది. "అవునత్తయ్యా" అంటుంది కోడలు, మేజోడు మడమ దాకా లాగి.